ఆంగ్లము రాని పిల్లలు, అమెరికా శాసనములు

ఇంటిలో ఆంగ్లము మాటలాడని బాలుడు ప్రభుత్వ పాఠశాలలో అడుగుపెట్టినప్పుడు అతనికి ఆ భాషను ఏ పద్ధతిని నేర్పవలెను, ఎంతకాలము నేర్పవలెను, ఆ లోపల గణితమును చరిత్రను ఏ భాషలో బోధింపవలెను, అందులకగు వ్యయమును ఎవరు భరింపవలెను అను ప్రశ్నలు అమెరికా సంయుక్త రాష్ట్రములలో నూరేండ్లకు పైబడి శాసనసభలను, న్యాయస్థానములను, తుదకు సామాన్య ఓటర్లను కూడ విడువక వెంటాడుచున్నవి. ఇది కొలదిమందికి సంబంధించిన విషయము కాదు. ఆ దేశపు ప్రభుత్వ పాఠశాలలలో చదువు పిల్లలలో ఇంచుమించు పదుగురికి ఒక్కరు, అనగా సుమారు 50 లక్షలమంది, ఆంగ్లమును ఇంకను అభ్యసించుచున్నవారుగా లెక్కింపబడుచున్నారు. వారిలో నాలుగింట మూడు వంతులు స్పానిషు మాటలాడు ఇండ్లనుండి వచ్చినవారు కాగా, తక్కిన వంతులో అరబ్బీ, చైనీయము, వియత్నామీయము మొదలుకొని మన తెలుగు వరకు అనేక భాషలు కలవు. ఐనను పై ప్రశ్నలన్నిటికి సమాధానము చెప్పు ఏక శాసనము ఆ దేశములో లేదు. రాజ్యాంగము విద్యను గూర్చి ఒక్క మాటయు పలుకలేదు గనుక విద్య రాష్ట్రముల అధీనములోనిది. కేంద్రప్రభుత్వము రెండే ద్వారములగుండ బడిలోనికి రాగలదు. ధనసహాయము మొదటిది, పౌరులలో ఎవరికిని వివక్ష జరుగకుండ చూచు బాధ్యత రెండవది. ఈ విషయమునందలి చిక్కులలో పెక్కింటికి ఈ ఏర్పాటే మూలము.

పందొమ్మిదవ శతాబ్దములో ఈ చిక్కులు తలయెత్తినట్లు కనబడదు. 1839లో ఒహాయో రాష్ట్రము తల్లిదండ్రులు కోరినచోట జర్మను భాషలో బోధించుటకు అనుమతి నిచ్చెను. లూయిసియానాలో ఫ్రెంచికి అట్టి గౌరవమే దక్కెను. ఈ ఔదార్యము మొదటి ప్రపంచయుద్ధముతో అంతరించెను. జర్మనీపై పుట్టిన ద్వేషము జర్మను భాషపైకిని, పిదప పరభాషలన్నిటిపైకిని వ్యాపింపగా, 1920 నాటి దశకారంభమున 30కి పైగా రాష్ట్రములు ఆంగ్లము తప్ప వేరొక భాషలో బోధింపరాదని శాసించెను. నెబ్రాస్కా ఇంకను ఒక అడుగు ముందునకు వైచి, ఎనిమిదవ తరగతి ముగియని పిల్లలకు పరభాషను పాఠముగానైనను చెప్పరాదని 1919లో నిషేధించెను. బైబిలు కథలను జర్మనులో చదివించిన యొక ఉపాధ్యాయునికి 25 డాలర్ల జుల్మానా పడెను. ఆ వ్యాజ్యము 1923లో సుప్రీంకోర్టునకు చేరగా, మెక్‌రెనాల్డ్స్ న్యాయమూర్తి ఆ శాసనమును కొట్టివైచుచు, బోధించు స్వేచ్ఛయు, బిడ్డల చదువును నిర్ణయించుకొను తల్లిదండ్రుల స్వేచ్ఛయు రాజ్యాంగరక్షణ గలవేయని తీర్మానించెను. ఐతే బోధన ఆంగ్లములోనే జరుగవలెనని విధించు అధికారము రాష్ట్రమునకు కలదను మాటను ఆ తీర్పు కాదనలేదు. పరభాషను నేర్పవచ్చునని మాత్రమే అది చెప్పెను. ఆంగ్లము రాని బిడ్డకు ఏదైనను చేయవలెనని చెప్పలేదు. ఆ రెండవ మాట వెలువడుటకు మరియొక ఏబది యేండ్లు పట్టెను.

ఈ నడిమికాలపు దుస్థితి నెరుగగోరువారు టెక్సాసు రాష్ట్రమును చూడవలెను. అచట 1918 నాటి శాసనము ప్రకారము పరభాషలో బోధించుట శిక్షార్హమైన నేరము. ఆటస్థలములో స్పానిషు మాటలాడిరను కారణమున పిల్లలను బడి విడిచినపిమ్మట నిలిపియుంచుట, దండించుట ఆ ప్రాంతమున బహుకాలము సాగిన వాడుక. ఆ రాష్ట్రములోనే, కోటుల్లా అను చిన్న ఊరిలో, మెక్సికను కుటుంబముల పిల్లలకు 1928లో పాఠములు చెప్పిన యువకుడు లిండన్ జాన్సన్ నలుబదియేండ్ల తరువాత రాష్ట్రపతి పీఠముమీద నుండి ద్విభాషా విద్యా చట్టముపై సంతకము చేయుట చరిత్రలోని చక్కని పొందికలలో ఒకటి. 1968 జనవరి 2న అమలులోనికి వచ్చిన ఆ చట్టమును సెనేట్‌లో ప్రవేశపెట్టిన రాల్ఫ్ యార్‌బరో కూడ టెక్సాసు ప్రతినిధియే. చట్టము పేరు ఘనముగా నున్నను అది ఎవరిని దేనికిని నిర్బంధింపలేదు. దరఖాస్తు పెట్టుకొన్న పాఠశాలలకు ప్రయోగములకై ధనము నిచ్చునంతే. మొదటి సంవత్సరమునకు కేటాయించిన మొత్తము 75 లక్షల డాలర్లు మాత్రమే. దేశమంతటికిని ఆ సొమ్ము ఏ మూలకు?

నిర్బంధము న్యాయస్థానమునుండి వచ్చెను. శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు బడులలో ఆంగ్లము రాని చైనీయ బాలబాలికలు 2,856 మంది యుండగా, వారిలో సుమారు వేయిమందికి మాత్రమే ఆంగ్లములో అదనపు పాఠములు చెప్పబడుచుండెను. సుమారు 1,800 మంది ఏమియు అర్థము కాక, ఆరవయేట మొదలుకొని పదునారవయేటి వరకు శాసనబద్ధముగా బడిలో కూర్చుండి ఇంటికి పోవుచుండిరి. ఆంగ్లములో ప్రావీణ్యము లేనిదే పండ్రెండవ తరగతి పట్టము నీయరాదని ఆ రాష్ట్రచట్టమే నిర్దేశించుచుండెను. లౌ అను ఇంటిపేరుగల బాలుని పక్షమున 1970లో పడిన దావాను క్రింది న్యాయస్థానములు రెండును త్రోసిపుచ్చెను. ప్రతి విద్యార్థియు తన కుటుంబమునుండి కొన్ని సౌకర్యములను, కొన్ని లోటులను వెంటబెట్టుకొని వచ్చును, ఆ లోటులను కలిగించినది బడి కాదు, కాన బడికి బాధ్యత లేదని వాటి వాదము. వినుటకు ఈ వాదము నిష్పక్షపాతముగా తోచును. సుప్రీంకోర్టు 1974 జనవరి 21న ఏకగ్రీవముగా దీనిని తలక్రిందులు చేసెను. అందరికి ఒకే గది, ఒకే పుస్తకము, ఒకే ఉపాధ్యాయుడు లభించినంతమాత్రమున సమానత్వము సిద్ధింపదనియు, భాష తెలియని బిడ్డకు ఆ చదువు మూసిన తలుపుతో సమానమనియు డగ్లస్ న్యాయమూర్తి వ్రాసిన తీర్పునకు సారాంశము. ఆ తీర్పు రాజ్యాంగమును తాకలేదు. జాతి, వర్ణ, జన్మదేశముల ననుసరించి వివక్ష చూపు సంస్థలకు కేంద్రధనము లభింపరాదను 1964 నాటి పౌరహక్కుల చట్టముపైననే ఆధారపడెను. ఏమి చేయవలెనో కూడ అది చెప్పలేదు. చైనీయ భాషలో బోధించుట ఒక మార్గము, ఆంగ్లమును ప్రత్యేకముగా నేర్పుట మరియొక మార్గము, ఇంకను ఉండవచ్చునని పలికి ఊరకుండెను. దావా వేసినవారును తమకు ఫలానా పద్ధతియే కావలెనని అడుగలేదు.

తీర్పుతో ఏకీభవించుచునే బ్లాక్‌మన్ న్యాయమూర్తి విడిగా ఒక మాట వ్రాసెను: ఈ వ్యాజ్యములో సంఖ్యయే ప్రధానము, రేపు జర్మనో పోలిషో తప్ప వేరొకటి రాని ఒకరిద్దరు పిల్లల విషయమున ఈ తీర్పును నిర్ణాయకముగా తాను భావింపనని. ఆ మాటకు విరుగుడుగా కాకపోయినను, అదే సంవత్సరము ఆగస్టులో కాంగ్రెసు చేసిన సమాన విద్యావకాశముల చట్టము గుంపును గాక వ్యక్తిని ప్రస్తావించెను. విద్యార్థులకు అడ్డుపడు భాషాప్రతిబంధకములను తొలగించుటకు తగిన చర్య తీసుకొనకపోవుట ఏ వ్యక్తికైనను సమానావకాశమును నిరాకరించుటయేయని అది నిర్వచించెను. నేటికిని ఈ విషయమునందు బాధితులకు నికరముగా మిగిలిన ఆయుధ మిదియే. ఐతే ఏది తగిన చర్యయో చట్టము వివరింపలేదు. 1975లో కేంద్ర విద్యాశాఖాధికారులు చిన్న తరగతులలో ద్విభాషా బోధనయే జరుగవలెనని మార్గసూచికలు పంపిరి. వానిని 1980లో నియమములుగా మార్చబోవగా దేశవ్యాప్తముగా నిరసన చెలరేగెను. మరుసటి ఫిబ్రవరిలో రేగన్ ప్రభుత్వమునకు విద్యామంత్రియైన టెరెల్ బెల్ ఆ ప్రయత్నమును ఉపసంహరించెను.

ఆ శూన్యమును పూరించిన ఘనత టెక్సాసు దక్షిణపు కొననున్న రేమండ్‌విల్ అను చిన్న పట్టణమునకు దక్కెను. అచటి మెక్సికను కుటుంబములు వేసిన దావాలో ఐదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము 1981లో తీర్పు చెప్పుచు మూడు ప్రశ్నలను నెలకొల్పెను. బడి అనుసరించు పద్ధతి, విద్వాంసులలో కొందరైనను సమంజసమని అంగీకరించు సిద్ధాంతముపై ఆధారపడినదా? ఆ సిద్ధాంతమును ఆచరణలో పెట్టుటకు చాలిన ఉపాధ్యాయులను, పుస్తకములను, ధనమును బడి సమకూర్చినదా? కొంతకాలము జరిగినపిమ్మట ఆ పద్ధతివలన పిల్లలు నిజముగా భాషాప్రతిబంధకమును దాటుచున్నారా, లేనిచో బడి తన పద్ధతిని మార్చుకొనుచున్నదా? అర్ధశతాబ్దపు వాదోపవాదములలో ఇంతకు మించిన వివేకము నాకు కనబడలేదు. మొదటి ప్రశ్న బడులకు స్వేచ్ఛ నిచ్చును. రెండవదియు మూడవదియు ఆ స్వేచ్ఛకు లెక్క అడుగును. దురదృష్టమేమనగా, తరువాతి కాలమున రాజకీయములు సమస్తమును మొదటి ప్రశ్నచుట్టే తిరిగెను. ద్విభాషా బోధనయా, కేవలాంగ్ల బోధనయా అను వివాదములో వర్గములేర్పడి, ఎన్నికలు జరిగి, కోట్లకొలది డాలర్లు వ్యయమగుచుండగా, పాఠము చెప్పువాడున్నాడా, చెప్పిన పాఠము వచ్చినదా అను రెండు ప్రశ్నలు మరుగున పడెను.

బడిలోనికి రానిచ్చుటయే ప్రశ్నయైన వ్యాజ్యము మరియొకటి కలదు. అనుమతిపత్రములు లేక దేశములోనికి వచ్చిన కుటుంబముల పిల్లల చదువునకు ధనము నీయరాదని టెక్సాసు చేసిన శాసనమును 1982లో సుప్రీంకోర్టు ఐదుగురి అభిప్రాయముపై, నలుగురు విభేదింపగా, కొట్టివైచెను. ఆంగ్లము నేర్చుకొను పిల్లలలో అనేకులు బడిలో ఉండగలుగుటకు ఆ తీర్పు ఆధారమైనను, అది భాషాశాసనము కాదు గనుక ఇంతటితో విడిచెదను.

కాలిఫోర్నియా కథ విస్తరముగా చెప్పదగినది. 1976లో ఆ రాష్ట్రము ద్విభాషా బోధనను తప్పనిసరి చేసెను. 1987లో ఆ చట్టము గడువు తీరగా దానిని పొడిగించు బిల్లును గవర్నరు ఆమోదింపలేదు. ఐనను అలవాటు కొనసాగెను. 1996లో లాస్ ఏంజెలిస్ నగరమధ్యమున ఒక బడిలో, వస్త్రకర్మాగారములలో కూలిపనిచేయు స్పానిషుభాషీయులైన తల్లిదండ్రులే, మా పిల్లలకు ఆంగ్లము నేర్పుడని పట్టుబట్టి వారిని కొన్నాళ్లు బడికి పంపుట మానిరి. ఈ ఉదంతమును ఆధారముగా గొని రాన్ ఉంజ్ అను కంప్యూటరు వ్యాపారి 227వ ప్రతిపాదనను ప్రజల యెదుట నిలిపెను. ఆంగ్లము రాని పిల్లలందరికి సాధారణముగా ఒక్క సంవత్సరమునకు మించని ఆంగ్ల నిమజ్జనశిక్షణ నిచ్చి, పిమ్మట మామూలు తరగతులలో కలుపవలెనని దాని సారము. ద్విభాషా బోధన కోరు తల్లిదండ్రులు స్వయముగా బడికి వచ్చి మినహాయింపునకు అర్జీ పెట్టుకొనవలెను. చట్టమును బుద్ధిపూర్వకముగా ఉల్లంఘించిన ఉపాధ్యాయుని వ్యక్తిగతముగా కోర్టునకు ఈడ్వవచ్చును. 1998 జూనులో నూటికి 61 మంది ఓటర్లు దీనికి సమ్మతించిరి. అంతకు పూర్వము ఆంగ్లాభ్యాసకులలో నూటికి ముప్పదిమంది వరకు ద్విభాషా తరగతులలో నుండగా, ఆ సంఖ్య మరుసటి యేటికే సగముకంటె తగ్గిపోయెను. 2000లో ఆరిజోనా, 2002లో మసాచుసెట్స్ ఇదే బాట పట్టెను. 1971లో దేశములో మొట్టమొదట ద్విభాషా బోధనను శాసనముగా విధించినది మసాచుసెట్సేయని తలచుకొన్నప్పుడు ప్రజాభిప్రాయపు విపరీతగతికి ఆశ్చర్యము కలుగును. కొలరాడో మాత్రము అదే 2002లో కాదనెను.

ఒక సంవత్సరము అను గడువు ఎచటనుండి వచ్చినది? ఏ పరిశోధననుండియు రాలేదు. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు కెంజీ హకూతా తన సహచరులతో కూడి 2000లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, మాటలాడుటకు చాలిన ఆంగ్లము మూడునుండి ఐదేండ్లకును, పాఠ్యపుస్తకమును గ్రహించుటకు చాలిన ఆంగ్లము నాలుగునుండి ఏడేండ్లకును అలవడును. ఆటస్థలములో గలగల మాటలాడు బాలుడు భిన్నాంకముల లెక్కలో ప్రశ్నావాక్యమును గ్రహింపలేక నిలిచిపోవుటకు కారణమిదియే. వాని సంభాషణను విని వాని చదువును అంచనావేయు ఉపాధ్యాయుడు మోసపోవును. రాష్ట్రప్రభుత్వము నియమించిన పరిశీలకులు ఐదేండ్లు శ్రమించి 2006లో సమర్పించిన నివేదిక, ఏ ఒక్క పద్ధతియు మరియొకదానికంటె మేలని తేల్చుటకు చాలిన సాక్ష్యము లేదని చెప్పెను. దానికంటె విచారింపదగిన సంగతి ఆ నివేదికలోనే కలదు: కాలిఫోర్నియా బడులలో పదేండ్లు గడచిన పిమ్మటను ఆంగ్లము వచ్చినదని ధ్రువీకరింపబడు అవకాశము నూటికి నలుబదికి లోపే యుండెను. ఒక యేడాది చాలునన్న శాసనమునకు పదేండ్ల లెక్క ఇచ్చిన సమాధానమిది. ఇందలి దోషమును నిమజ్జనపద్ధతిపై మాత్రమే మోపుట న్యాయము కాదు, ద్విభాషా తరగతులనుండి వచ్చినవారును ఆ లెక్కలో నున్నారు గనుక. 2016 నవంబరులో నూటికి 73 మంది ఓటర్లు 58వ ప్రతిపాదన ద్వారా పాత నిషేధమును ఎత్తివైచిరి. మరుసటి యేట మసాచుసెట్స్ శాసనసభయు అట్లే చేసెను. ఈ మారు ఓటర్లను ఒప్పించినది వలసవచ్చినవారి బిడ్డలపై జాలి కంటె, తమ బిడ్డలకు కూడ రెండు భాషలు వచ్చిన మేలుగదా అను మధ్యతరగతి కోరికయేమోయని నా అనుమానము. వైద్యవిషయములలో మందు మోతాదును ఓటుకు పెట్టు దేశము లేదు. భాషాబోధనలో మాత్రము ఆ పని ఒక్క కాలిఫోర్నియాలోనే రెండు మార్లు జరిగెను.

రెండవ ప్రశ్న, అనగా ధనము సంగతి, ఆరిజోనాలో తేటతెల్లమయ్యెను. మెక్సికో సరిహద్దుననున్న నోగాలెస్ పట్టణపు కుటుంబములు 1992లో వేసిన దావా ఇరువదియేండ్లకు మించి నడచెను. రాష్ట్రము ఇచ్చు సొమ్మునకును ఆంగ్లబోధనకు నిజముగా అగు ఖర్చునకును పొంతనలేదని 2000లో న్యాయస్థానము తేల్చెను. శాసనసభ చలింపకపోగా 2005 చివర దినమునకు 5 లక్షల డాలర్లతో మొదలై పెరుగుచుపోవు జుల్మానా విధింపబడెను. ఆ ఒత్తిడితో చేసిన 2006 చట్టము ఆంగ్లాభ్యాసకులను దినమునకు నాలుగు గంటలు ప్రత్యేకముగా కూర్చుండబెట్టి ఆంగ్లమునే చెప్పించెను. ఆ నాలుగు గంటలలో తోటివారు విజ్ఞానశాస్త్రము, చరిత్ర చదువుకొనుచుండగా వీరు వ్యాకరణము వల్లించుచుండిరి. 2019లో ఆ నిర్బంధము సడలింపబడెను. 2009లో సుప్రీంకోర్టు ఇదే వ్యాజ్యమున ఐదుగురు నలుగురుగా చీలి, ఎంత ఖర్చుపెట్టిరనునది కాదు, ఫలితమేమనునదే చూడవలెనని అలీటో న్యాయమూర్తి నోట పలికించెను. మాట వరకు అది రేమండ్‌విల్ తీర్పులోని మూడవ ప్రశ్నవలెనే యున్నది. కాని అచట రెండవ ప్రశ్నను దాటకుండ మూడవదానికి పోవుటకు వీలులేదు. ఇచట దానిని పక్కకు నెట్టి పోయిరి.

కేంద్రధనము విషయమునకు వచ్చినచో, 1968 నాటి చట్టము 2002 జనవరిలో అంతరించి, దాని స్థానమున వచ్చిన కొత్త ఏర్పాటు ఏటేట ఆంగ్లపరీక్ష పెట్టి పురోగతిని చూపుడని రాష్ట్రములను శాసించెను. 2015 నాటి చట్టము ఆ లెక్కను అన్ని బడుల సాధారణ జవాబుదారీలో చేర్చెను. ఇది ఆ రెండు చట్టములు చేసిన మంచిపని. ఐతే ఈ పద్దుక్రింద కేంద్రమిచ్చు మొత్తము 2023లో 89 కోట్ల డాలర్లు. తలకు పంచినచో ఏటికి 200 డాలర్లకు లోపే.

ఇక బడి గుమ్మమువద్ద ఈ శాసనములు ఏ రూపమున కనబడునో అమెరికాలోని తెలుగు కుటుంబములకు బాగుగా తెలియును. చేర్పించుకొనునప్పుడు ఇంటిలో మాటలాడు భాష ఏదియని ఒక పత్రము నింపింతురు. తెలుగు అని వ్రాసినచో బిడ్డకు ఆంగ్లపరీక్ష తప్పదు; తక్కువ మార్కులు వచ్చినచో ఈఎస్ఎల్, అనగా ఆంగ్లము రానివారికి దానిని ప్రత్యేకముగా నేర్పు తరగతి. ఈ తరగతిని అవమానముగా భావించి, తెలుగు మాటలాడు ఇంటిలో ఉండియు ఆంగ్లమని వ్రాసివచ్చు తల్లిదండ్రులు లేకపోలేదు. వారికి చెప్పవలసిన సంగతులు రెండు కలవు. పరీక్షలో నెగ్గిన బిడ్డను ఎవరును ఆ తరగతిలో కూర్చుండబెట్టరు. నెగ్గకపోయినను, బడివారు ఆ సంగతిని విద్యాసంవత్సరపు మొదటి 30 దినములలో తెలుపవలెను, తల్లిదండ్రులు వలదనవచ్చును. వలదన్నను బిడ్డ పురోగతిని గమనించు బాధ్యత బడిని విడువదు.

భారతదేశమున మన యింటి గొడవ దీనికి ఎదురుదిక్కున నడచినది. మన రాజ్యాంగములోని 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు సౌకర్యములు కల్పింపుమని రాష్ట్రములను కోరును. 2009 నాటి విద్యాహక్కు చట్టము సాధ్యమైనంతవరకు మాతృభాషయే మాధ్యమము కావలెననును. అనగా మన శాసనము పద్ధతిని పేర్కొని ఫలితమును అడుగుట మరచెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో ప్రభుత్వ బడులను ఆంగ్లమాధ్యమమునకు మార్చ జారీచేసిన ఉత్తరువులను హైకోర్టు 2020 ఏప్రిలులో కొట్టివైచినప్పుడును ఉభయపక్షములు మాధ్యమమును గూర్చియే వాదించుకొనిరి గాని, ఆంగ్లములో లెక్కలు చెప్పగల ఉపాధ్యాయులు ఊరి బడిలో ఎందరున్నారను ప్రశ్నపై అంత పట్టుదల చూపలేదు.

2025 మార్చి 1న అమెరికా రాష్ట్రపతి ఉత్తరువుచే ఆంగ్లము అధికారభాషగా ప్రకటింపబడెను. ఆంగ్లాభ్యాసకుల పట్ల బడుల బాధ్యతలను విశదీకరించుచు 2015లో కేంద్రశాఖలు రెండు కలిసి పంపిన సుదీర్ఘ లేఖ అదే యేట ఆగస్టులో ఉపసంహరింపబడెను. దీనితో బాధ్యతలే తొలగినవని కొందరును, ఏమియు మారలేదని కొందరును అనుచున్నారు. రెండును నిజము కాదు. 1964, 1974 సంవత్సరముల చట్టములు ఉన్నచోటనే యున్నవి. కాని వానిని అమలుపరచు అధికారి మౌనము వహించినప్పుడు భారమంతయు కోర్టునకు పోగల తల్లిదండ్రులపై పడును. వారి దారియు ఇరుకైనదే. ఆలబామాలో డ్రైవింగు పరీక్షను ఆంగ్లములోనే పెట్టుటపై నడచిన వ్యాజ్యములో, బుద్ధిపూర్వకమైన వివక్షను నిరూపింపలేనివారు పౌరహక్కుల చట్టము క్రింద స్వయముగా దావా వేయజాలరని 2001లోనే సుప్రీంకోర్టు నిర్ణయించియుండెను. మిగిలినది 1974 నాటి సమానావకాశముల చట్టము, దానికి రేమండ్‌విల్ తీర్పు చెప్పిన భాష్యము.

ఇట్టి సమయమున రాష్ట్రముల శాసనములకు ప్రాముఖ్యము హెచ్చును. టెక్సాసులో ఒక స్కూలు డిస్ట్రిక్టునందు ఒకే తరగతిలో ఒకే భాష మాటలాడు ఆంగ్లాభ్యాసకులు 20 మంది పోగైనచో ప్రాథమికదశలో ద్విభాషా బోధన ఏర్పరుపవలెనని అచటి చట్టము. ఇల్లినాయిలో ఒకే బడిలో 20 మంది యున్నను అట్టి బాధ్యతయే. డాలసు నగరపు ఉత్తరశివార్లలో తెలుగు కుటుంబములు చేరుచున్న వేగమును చూచినచో ఆ 20 అను సంఖ్య స్పానిషుకే పరిమితముగా నుండునని అనుకొనరాదు. తగిన అర్హతగల ఉపాధ్యాయులు దొరకనప్పుడు మినహాయింపు కోరుకొని, ద్విభాషా బోధనకు మారు ఆంగ్లబోధనతోనే సరిపెట్టుకొనుటకును టెక్సాసు చట్టమే వీలు కల్పించినది. తెలుగును, మూడవ తరగతి గణితమును, ఆ రాష్ట్రపు ఉపాధ్యాయపత్రమును మూటిని కలిగినవారిని తయారుచేయు బాధ్యత ఏ విశ్వవిద్యాలయముపైనను, ఏ శాఖపైనను ఇంతవరకు ఏ శాసనమును మోపలేదు.